అటోయిఫీ ఆసుపత్రి: తరచుగా అడిగే ప్రశ్నలు

పసిఫిక్ మహాసముద్రంలోని మలైటా ద్వీపంలో, రోడ్డు చేరని ఒక తీరంలో, అర్ధ శతాబ్దానికి పైగా నడుస్తున్న మిషన్ ఆసుపత్రి గురించి పాఠకులకు సహజంగా కలిగే సందేహాలకు ఇక్కడ సమాధానాలు ఇస్తున్నాం. కొన్నింటికి రెండు వాక్యాలు చాలు. కొన్నింటికి చరిత్రలోకి కాస్త లోతుగా దిగక తప్పదు.

అటోయిఫీ ఎక్కడ ఉంది?

ఆస్ట్రేలియాకు ఈశాన్యంగా, పపువా న్యూ గినియాకు తూర్పున ఉన్న సోలమన్ దీవుల దేశంలో మలైటా ఒక ప్రధాన ద్వీపం. ఈ దేశం 1978 జూలై 7న బ్రిటిష్ పాలన నుంచి స్వాతంత్ర్యం పొందింది. రాజధాని హోనియారా, మలైటా పక్కనున్న గ్వాడల్‌కెనాల్ ద్వీపంలో ఉంది. 2019 జనాభా లెక్కల ప్రకారం మలైటా ప్రావిన్సులో లక్షా డెబ్బై వేలకు పైగా జనం నివసిస్తున్నారు. ప్రావిన్సు ముఖ్యపట్టణమైన ఔకి, అక్కడి ప్రభుత్వ ఆసుపత్రి కిలుఉఫీ పశ్చిమ తీరంలో ఉన్నాయి. అటోయిఫీ మాత్రం తూర్పు తీరంలో, క్వాయో అనే ప్రజలు నివసించే తూర్పు క్వాయో ప్రాంతంలో, ఉరు అనే సహజ రేవు ఒడ్డున ఉంది. ద్వీపం పొడవుగా, సన్నగా ఉంటుంది కాబట్టి పటంలో చూస్తే ఈ రెండు తీరాలూ పక్కపక్కనే ఉన్నట్టు కనిపిస్తాయి గానీ, మధ్యలో దట్టమైన అడవితో నిండిన నిటారైన కొండలున్నాయి. ఆ కొండలను దాటి అటోయిఫీకి వచ్చే మోటారు రోడ్డు లేదు.

అక్కడికి ఎలా చేరుకుంటారు?

మూడు మార్గాలున్నాయి. హోనియారా నుంచి సరుకులతో పాటు మనుషులను కూడా ఎక్కించుకొని తీరం వెంబడి తిరిగే ఓడల్లో రావచ్చు. ఆసుపత్రికి దగ్గరలో గడ్డి నేల మీద దిగే చిన్న విమానాల కోసం ఒక రన్‌వే ఉంది, కానీ ఆ నేల హక్కుల విషయమై తగాదాలు వచ్చినప్పుడల్లా అది మూతపడుతూ వచ్చింది. చుట్టుపక్కల గ్రామాల వాళ్లు మాత్రం ఇంజిను బిగించిన ఫైబర్ పడవల్లోనో, చేత్తో తెడ్డు వేసే దోనెల్లోనో, కొండ మీది వాళ్లయితే కాలినడకనో వస్తారు.

పడవ ప్రయాణానికి రెండు అడ్డంకులు. ఒకటి పెట్రోలు ధర: దూరాన్ని బట్టి ఒక్కసారి రావడానికే కుటుంబం చేతిలో ఉన్న నగదంతా అయిపోవచ్చు. రెండోది గాలి. సుమారు మే నుంచి అక్టోబరు వరకు ఆగ్నేయపు గాలులు నేరుగా ఈ తీరాన్నే కొడతాయి. ఆ నెలల్లో నొప్పులు పడుతున్న గర్భిణిని చిన్న పడవలో ఎక్కించాలా, సముద్రం శాంతించేదాకా ఆగాలా అన్నది ఇంటి పెద్దలు తేల్చుకోవలసిన ప్రశ్న అవుతుంది.

ఆసుపత్రిని ఎవరు, ఎప్పుడు స్థాపించారు?

సెవెంత్ డే అడ్వెంటిస్టు అనే క్రైస్తవ సంఘం 1966లో ప్రారంభించింది. ఈ సంఘం మిషనరీలు సోలమన్ దీవులకు 1914లోనే వచ్చారు. పాఠశాలనూ వైద్యశాలనూ ప్రచారంతో పాటే నడపడం వారి పద్ధతి. తెలుగు పాఠకులకు ఇది కొత్తేమీ కాదు. నూజివీడులోని గిఫర్డ్ మెమోరియల్ ఆసుపత్రి కూడా ఈ సంఘం పెట్టినదే.

ప్రారంభానికి ముందే అక్కడ ఒక నర్సును చంపారంటారు. నిజమేనా?

నిజమే. బ్రయన్ డన్ అనే ఆస్ట్రేలియా యువ నర్సు, ఆసుపత్రిని తెరిచే పని మీద భార్యతో కలిసి 1965 డిసెంబరులో అటోయిఫీకి వచ్చారు. వచ్చిన కొద్ది రోజులకే ఒక రాత్రి ఎవరో ఆయనపై ఈటెతో దాడి చేశారు. ఆ గాయంతోనే ఆయన మరణించారు. మరుసటి ఏడాది ఆసుపత్రి తలుపులు తెరుచుకున్నాయి.

మిషన్ వర్గాల్లో ఈ సంఘటనను సాధారణంగా ఒక త్యాగగాథగా చెబుతారు. అది వారి దుఃఖం. దాన్ని తప్పుపట్టవలసిన పని లేదు. అయితే కథను అక్కడే మొదలుపెడితే క్వాయో ప్రజలు అకారణంగా క్రూరులన్న అభిప్రాయం మిగిలిపోతుంది. ఆ తీరంలో బయటివాళ్లపై ఉన్న అనుమానానికి అప్పటికే దాదాపు నలభై ఏళ్ల వయసుంది.

ఆ అనుమానానికి మూలం ఏమిటి?

1927 అక్టోబరు 4న, అటోయిఫీకి దక్షిణాన ఉన్న సినలంగు రేవులో, బ్రిటిష్ జిల్లా అధికారి విలియం బెల్ తలపన్ను వసూలు చేయడానికి బల్ల వేసుకొని కూర్చున్నాడు. నగదు చెలామణీ దాదాపు లేని కొండ ప్రాంతాల నుంచి మనిషికి ఐదు షిల్లింగుల చొప్పున పన్ను అడగడం, దానితో పాటు తుపాకులను అప్పగించమనడం అప్పటికే జనాన్ని రగిలించాయి. బసియానా అనే క్వాయో వీరుడు పన్ను కట్టే వరుసలో నిలబడి వచ్చి, దాచి తెచ్చిన తుపాకీ గొట్టంతో బెల్‌ను కొట్టి చంపాడు. బెల్ సహాయకుడు లిల్లీస్‌తో పాటు, వారి వెంట వచ్చిన ద్వీపవాసులైన పోలీసుల్లో పదమూడుగురు కూడా ఆ రోజు హతులయ్యారు.

ప్రతీకారం మరింత దారుణంగా సాగింది. ఆస్ట్రేలియా యుద్ధనౌక అడిలైడ్ వచ్చి తీరంలో నిలిచింది. కొండల్లోకి వెళ్లిన బలగాలు సుమారు అరవై మందిని చంపాయని చరిత్రకారుల అంచనా. చనిపోయినవారు అంతకంటే చాలా ఎక్కువని క్వాయో కుటుంబాలు చెబుతాయి. దాదాపు రెండు వందల మందిని పట్టుకొని అప్పటి రాజధాని తులగిలో నిర్బంధించగా, వారిలో ముప్పై మంది వరకు విరేచనాల జబ్బుతో అక్కడే మరణించారు. 1928లో బసియానాను ఉరితీశారు.

ఆసుపత్రి కథకు ఇందులో అన్నిటికంటే ముఖ్యమైన అంశం వేరే ఉంది. దాడికి వెళ్లిన పోలీసుల్లో చాలామంది ఉత్తర మలైటా వాళ్లు. క్వాయో వాళ్లకు ఏది పవిత్రమో, ఏది మైలో వాళ్లకు బాగా తెలుసు. అందుకే వాళ్లు పూర్వీకుల పుర్రెలుంచిన గుళ్లను వెతికి మరీ ధ్వంసం చేశారు, ముట్టు పాకల్లోని వస్తువులను తెచ్చి పవిత్ర స్థలాల్లో పారేశారు. తమ పూర్వీకుల ఆత్మలు ఆ అవమానానికి కోపించి తరతరాలుగా రోగాలను, కరువును పంపుతున్నాయని కొండల్లోని వృద్ధులు చెప్పుకునేవారు. ఆ తీరంలోనే నలభై ఏళ్లకు తెల్లవాళ్లు ఒక ఆసుపత్రి కట్టడానికి వచ్చారని గుర్తుంచుకుంటే, 1965 నాటి ఈటె దెబ్బ సమర్థనీయం కాకపోయినా, ఏ నేపథ్యంలో పడిందో అర్థమవుతుంది.

ఆసుపత్రి ఎవరికి సేవ చేస్తుంది?

ప్రధానంగా తూర్పు క్వాయో ప్రజలకు, వారితో పాటు తీరం వెంబడి ఉత్తర దక్షిణాల్లో ఉన్న ఇతర భాషా సమూహాల వారికి. క్వాయో సమాజం ఇప్పుడు స్థూలంగా రెండు భాగాలు. తీరంలో ఉన్నవాళ్లు ఎక్కువగా క్రైస్తవులు. ఒక్కొక్క గ్రామం ఒక్కొక్క సంఘానికి చెందినది. ఎగువ కొండల్లో మాత్రం, పసిఫిక్ ద్వీపాలన్నీ దాదాపు పూర్తిగా క్రైస్తవంలోకి మారిన తర్వాత కూడా, పూర్వీకుల ఆరాధనను వదలని కుటుంబాలు ఉన్నాయి. వాళ్లు చేమ, చిలగడదుంప పండిస్తారు, పందులను పెంచుతారు, పెళ్లిళ్లకూ పరిహారాలకూ గవ్వల డబ్బు వాడతారు.

ఆసుపత్రి అందుబాటులో ఉన్నా కొండవాసులు ఎందుకు రారు?

ఈ పేజీలో అన్నిటికంటే పెద్ద సమాధానం అవసరమైన ప్రశ్న ఇదే. అజ్ఞానం వల్ల, మందుల మీద నమ్మకం లేక, అని బయటివాళ్లు చాలాకాలం తేలిగ్గా చెప్పేశారు. ఆ జవాబు తప్పు. కొండవాసుల్లో చాలామందికి ఆసుపత్రి మందు పనిచేస్తుందని తెలుసు. వాళ్లకు అడ్డుపడింది భవనం.

సంప్రదాయ క్వాయో ఊరు అంటే కొండ వాలులో చదును చేసిన ఒక చిన్న ఆవరణ. అన్నిటికంటే ఎగువన మగవాళ్లు పడుకొనే ఇల్లు ఉంటుంది. అది పూర్వీకులకు దగ్గరగా ఉండే చోటు. మధ్యలో కుటుంబాలు కలిసి ఉండే ఇళ్లు. దిగువన ఆడవాళ్ల ముట్టు పాకలు. అంతకంటే కింద, అడవిలో, పురుడు పోసుకొనే చోటు. ఒక చోటి నుంచి మరో చోటికి కట్టెలు, నీళ్లు పట్టే వెదురు బొంగులు, చాపలు కలవకూడదు. ముట్టు పాకలో వాడిన బొంగు పై ఇంటికి రాదు. తెలిసో తెలియకో ఒక ఆడపిల్ల ఆవరణలో మూత్రం పోసినా అది పూర్వీకుల పట్ల అపచారమే. దానికి పందిని బలి ఇచ్చి పరిహారం చెల్లించాలి.

మన ఇళ్లలో కూడా మైల, పురుడు, అంటు అన్న మాటలు ఉన్నాయి కాబట్టి తెలుగువాళ్లకు ఇది వెంటనే అర్థమైనట్టు అనిపిస్తుంది. కానీ తేడా ఉంది. మనకు రోజులు గడిచి స్నానం చేస్తే మైల తీరుతుంది. అక్కడ మైల అన్నది పూర్వీకులకు పడిన బాకీ. పంది రూపంలో అది తీరేదాకా ఆ మనిషికే కాదు, అతని బంధువుల్లో ఎవరికైనా, ఏమీ ఎరగని పసిబిడ్డకైనా జబ్బు చేయవచ్చని వాళ్ల నమ్మకం.

ఇప్పుడు ఒక ఆధునిక ఆసుపత్రిని ఆ కళ్లతో చూడండి. ఒకే కప్పు కింద పురుళ్ల గది, మరుగుదొడ్లు, ఆడవాళ్ల వార్డు, మగవాళ్ల వార్డు. ఎవరు పడుకున్న మంచం మీద ఎవరు పడుకుంటారో తెలియదు, దుప్పట్లన్నీ ఒకే చోట ఉతుకుతారు. వైద్య దృష్టిలో ఇది మామూలు ఏర్పాటు. కొండ నుంచి దిగివచ్చిన ఒక పూజారికి మాత్రం ఆ గుమ్మం దాటడమంటే, బతికి తిరిగి వెళ్లినా తన ఇంట్లోకి నేరుగా అడుగుపెట్టలేకపోవడం. శుద్ధి కోసం పందులు కావాలి. పందులు లేని కుటుంబం అప్పు చేయాలి. పైగా ఆసుపత్రి నడిపే అడ్వెంటిస్టులు పంది మాంసాన్ని తాకరు. పంది లేకుండా కొండ మీద ఏ ముఖ్యమైన కార్యమూ జరగదు. ఇలాంటి పరిస్థితిలో ఇంటి దగ్గరే ఉండి చనిపోవడాన్ని ఎంచుకున్నవాళ్లను అజ్ఞానులనడం అన్యాయమని మా అభిప్రాయం. తన ఒక్క ప్రాణం కోసం కుటుంబం మొత్తాన్ని ప్రమాదంలోకి నెట్టలేననుకున్న మనిషి నిర్ణయం అది.

ఈ పరిస్థితి మార్చడానికి ఆసుపత్రి ఏం చేసింది?

మార్పుకు దారి చూపినది క్షయ వ్యాధి. క్షయకు సాధారణంగా ఆరు నెలలు మందు వాడాలి. రోజూ ఇంటి దగ్గర మందు మింగించే ఏర్పాటు లేని ఆ కొండల్లో మొదటి రెండు నెలలూ రోగిని వార్డులోనే ఉంచేవారు. ఒక్క పూట లోపలికి రావడానికే వెనుకాడే మనిషి రెండు నెలలు ఉండమంటే ఉంటాడా? దగ్గు ముదిరి నడవలేని స్థితికి వచ్చాకే దించుకొని రావడం, మధ్యలోనే వెళ్లిపోవడం, ఈలోగా ఇంట్లో పిల్లలకు జబ్బు అంటడం మామూలైపోయాయి.

ఆసుపత్రి సిబ్బంది, క్వాయో పెద్దలు, ఆస్ట్రేలియాలోని జేమ్స్ కుక్ విశ్వవిద్యాలయ పరిశోధకులు కలిసి ఈ సమస్యను అధ్యయనం చేశారు. కొండవాసులను అడగవలసిన ప్రశ్న ఎందుకు రావడం లేదన్నది కాదు, ఎలా కడితే వస్తారన్నది అని వారు గ్రహించడమే ఇందులో అసలు విశేషం. దాని ఫలితంగా క్షయ రోగుల వార్డును ప్రధాన భవనం నుంచి విడదీసి, పూర్వీకుల ఆచారాలు పాటించేవారు కూడా ఉండగలిగే చోట ఏర్పాటు చేశారు. క్షయ గాలి ద్వారా వ్యాపించే జబ్బు కాబట్టి, గాలి వెలుతురు ఉన్న విడి కట్టడం వైద్యపరంగా కూడా మంచిదే.

ఒక క్రైస్తవ సంస్థ, తాను నమ్మని ఆచారానికి తన సొంత ఆవరణలో చోటు ఇవ్వడం చిన్న విషయం కాదు. సంఘంలో దీనికి అభ్యంతరం చెప్పగలిగేవాళ్లు ఉంటారు. అయినా రోగి ప్రాణం నిలిపే కట్టడం కావాలా, రోగి రాని కట్టడం కావాలా అని అడిగితే జవాబు ఒకటే.

మరి ప్రసవాలు?

తీర గ్రామాల స్త్రీలు ఆసుపత్రికి వస్తారు. కొండ మీది స్త్రీల విషయం క్షయ కంటే చిక్కైనది, ఎందుకంటే క్వాయో ఆచారంలో పురుడు కంటే మైలైనది మరొకటి లేదు. ఒక వార్డును విడదీస్తే తీరే సమస్య కాదిది.

అక్కడ ఎక్కువగా చూసే జబ్బులు ఏమిటి?

పసిఫిక్‌లో మలేరియా ఎక్కువగా ఉన్న దేశాల్లో సోలమన్ దీవులు ఒకటి. అక్కడ దాన్ని ప్రధానంగా మోసేది అనాఫిలిస్ ఫరౌటి అనే దోమ. ఫాల్సిపారం, వైవాక్స్ రెండు రకాలూ ఉన్నాయి. వీటిలో వైవాక్స్ కాలేయంలో దాగి, వారాలకో నెలలకో మళ్లీ జ్వరంగా బయటపడుతుంది. దాన్ని పూర్తిగా తొలగించాలంటే జ్వరం తగ్గాక కూడా రోజుల తరబడి మందు మింగాలి. రోజు ప్రయాణం చేసి వచ్చి, తగ్గిందనుకొని ఇంటికి వెళ్లిపోయే రోగితో ఆ కోర్సు పూర్తి చేయించడమే కష్టం.

క్షయ గురించి పైన చెప్పాం. న్యుమోనియా, విరేచనాలు, చర్మవ్యాధులు, పొట్టలో పురుగులు, తోటల్లో పనిచేసేటప్పుడు తగిలే కత్తి గాయాలు, చెట్టు మీంచి పడి విరిగిన ఎముకలు రోజువారీ పని. ఇటీవలి దశాబ్దాల్లో మధుమేహం, రక్తపోటు కూడా చేరాయి. ఓడలో వచ్చే తెల్ల బియ్యం, చక్కెర, నూడుల్స్ ప్యాకెట్లు చేమదుంప స్థానాన్ని ఆక్రమించిన తీర గ్రామాల్లో వీటి ఉనికి ఎక్కువ.

కరెంటు, నీళ్లు ఎలా?

ఆ తీరానికి విద్యుత్ లైను లేదు. వానలు విపరీతంగా పడే ప్రాంతం కావడంతో, కొండవాగు మీద ఏర్పాటు చేసిన చిన్న జలవిద్యుత్ యంత్రం ఆసుపత్రికి దశాబ్దాల క్రితమే సమకూరింది. అది ఆగినప్పుడు జనరేటరు, దానికి మళ్లీ ఓడలో రావలసిన డీజిలు.

జీతాలు ఎవరు ఇస్తారు? వైద్యం ఉచితమేనా?

ఆసుపత్రి యాజమాన్యం సంఘానిదే అయినా, దేశ ఆరోగ్య వ్యవస్థలో అది ఒక భాగం. సోలమన్ దీవుల ప్రభుత్వం చర్చి ఆసుపత్రులకు గ్రాంటు ఇస్తుంది, సిబ్బంది జీతాల భారం మోస్తుంది, మందులు జాతీయ సరఫరా నుంచి వస్తాయి. సంఘం, విదేశీ దాతలు, ఆస్ట్రేలియా నుంచి వచ్చే స్వచ్ఛంద బృందాలు కట్టడాలకు, పరికరాలకు సాయపడతాయి. రోగికి అసలు ఖర్చు ఆసుపత్రి రుసుము కాదు, పడవ పెట్రోలు. దానితో పాటు వెంట వచ్చిన బంధువులు అక్కడ ఉన్నన్నాళ్లూ తిండి.

డాక్టర్లు ఎవరు?

మొదటి దశాబ్దాల్లో ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ మిషనరీలు. ఇప్పుడు సోలమన్ దీవుల వాళ్లే ఎక్కువ. దేశంలో చాలాకాలం వైద్య కళాశాల లేకపోవడంతో యువకులు ఫిజీకి, పపువా న్యూ గినియాకు, ఇటీవలి కాలంలో క్యూబాకు కూడా వెళ్లి చదువుకొని వస్తున్నారు. అయినా అటోయిఫీ వంటి చోట డాక్టర్లు ఎప్పుడూ వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే. ఆసుపత్రిని నిజంగా నడిపేది నర్సులు.

అక్కడ నర్సింగ్ కళాశాల కూడా ఉందా?

ఉంది. అటోయిఫీ నర్సింగ్ పాఠశాల దశాబ్దాలుగా శిక్షణ ఇస్తోంది, పపువా న్యూ గినియాలోని పసిఫిక్ అడ్వెంటిస్టు విశ్వవిద్యాలయంతో దానికి అనుబంధం ఉంది. ఆసుపత్రి చేసిన పనుల్లో ఇదే అత్యంత దూరం వెళ్లినదని చెప్పవచ్చు: ఇక్కడ చదువుకున్న నర్సులు దేశంలోని అనేక ద్వీపాల క్లినిక్కుల్లో, డాక్టరు మొహం చూడని చోట్ల, ప్రసవాలు చేస్తున్నారు, మలేరియా రక్తపరీక్షలు చదువుతున్నారు.

ఇక్కడ చేయలేని చికిత్సలకు ఎక్కడికి పంపుతారు?

హోనియారాలోని జాతీయ రెఫరల్ ఆసుపత్రికి. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యపు తొమ్మిదో ఆసుపత్రి ఉన్న చోట వెలసింది కాబట్టి జనం ఇప్పటికీ దాన్ని ‘నంబర్ నైన్’ అంటారు. విమానం దిగగలిగే రోజయితే విమానంలో, లేకపోతే ఓడలో పంపాలి. పంపాలా వద్దా అన్న నిర్ణయం రోగి పరిస్థితి మీద ఎంత ఆధారపడుతుందో వాతావరణం మీద, ఇంధనం మీద కూడా అంతే ఆధారపడుతుంది.

ఆ ప్రాంతం ఇప్పుడు సురక్షితమేనా?

1998 నుంచి 2003 వరకు దేశంలో, ప్రధానంగా గ్వాడల్‌కెనాల్, మలైటా వాళ్ల మధ్య, జాతి ఘర్షణలు జరిగాయి. 2003 మే నెలలో అటోయిఫీలో పనిచేస్తున్న ఒక ఆస్ట్రేలియా మిషనరీ హత్యకు గురయ్యారు. అదే ఏడాది జూలైలో ఆస్ట్రేలియా నాయకత్వంలో ప్రాంతీయ బలగాలు దేశంలోకి వచ్చాక శాంతి నెలకొంది. భూమి తగాదాలు మాత్రం పూర్తిగా తీరేవి కావు, ఎందుకంటే మలైటాలో భూమి దాదాపు అంతా వంశాల ఉమ్మడి ఆస్తి. ఒక తాత మిషన్‌కు ఇచ్చిన మాటను మనవడు మరోలా అర్థం చేసుకోవచ్చు.

మలైటాతో తెలుగువారికి ఏదైనా సంబంధం ఉందా?

నేరుగా లేదు, ఫిజీ మీదుగా ఉంది. పందొమ్మిదో శతాబ్దపు చివరి దశకాల్లో మలైటా యువకులను వేల సంఖ్యలో, కొందరిని మాయమాటలతో, కొందరిని బలవంతంగా, క్వీన్స్‌లాండ్, ఫిజీ తోటలకు కూలీలుగా తీసుకుపోయారు. అదే ఫిజీ చెరకు తోటలకు 1903 నుంచి మద్రాసు రేవు మీదుగా తెలుగువారు వెళ్లారు. తొలి ఏళ్లలో ఈ రెండు జాతుల వాళ్లూ ఆ దీవుల్లో ఒకే కాలంలో చెమటోడ్చారు. తోటల నుంచి తిరిగివచ్చిన మలైటా కూలీలు తెచ్చుకున్న తుపాకులే, తర్వాత బెల్ అప్పగించమన్న తుపాకులకు ఆది.

వైద్యులు, నర్సులు స్వచ్ఛందంగా వెళ్లి పనిచేయవచ్చా?

దేశ వైద్య మండలి అనుమతి, ఆసుపత్రి నుంచి ముందస్తు అంగీకారం ఉంటే వెళ్లవచ్చు. వెళ్లేవాళ్లు మలేరియా నివారణ మాత్రలు వాడాలి, అక్కడి జనం ఉమ్మడిగా మాట్లాడే పిజిన్ భాష కొంతైనా నేర్చుకోవాలి. శనివారం విశ్రాంతి దినం. అత్యవసర వైద్యం తప్ప ఇతర పనులు జరగవు. ఆవరణలో మద్యం, పొగాకు, వక్క నమలడం, పంది మాంసం నిషిద్ధం. కొండ గ్రామాలకు వెళ్లాలంటే అక్కడి పెద్దలు పిలిచినప్పుడే, వాళ్లు పంపిన మనిషి వెంటే వెళ్లాలి. ఏ ఆవరణలో ఎటువైపు నడవాలో, ఆడవాళ్లు ఎక్కడ ఆగాలో అతను చెబుతాడు. రెండు వారాల కోసం వచ్చి ఆపరేషన్లు చేసి వెళ్లే నిపుణుల కంటే, ఆరు నెలలు ఉండి నర్సింగ్ విద్యార్థులకు పాఠం చెప్పగలిగినవాళ్లు అక్కడ ఎక్కువ ఉపయోగపడతారు.